రిజిస్టర్లో పేరు లేని పెద్దాయన

ఆ సోమవారం నా నోటుబుక్కులో ఉన్న పనులు ఇవి.

చైతన్య సారు గదిలో ఏసీ రిమోట్‌కు బ్యాటరీలు వేయాలి. ఆయన బుధవారం హైదరాబాద్ నుంచి వచ్చేలోపు.
శుక్రవారం మీటింగ్‌కు ముప్పై కుర్చీలు, రెండు ఫ్యాన్లు, మైకు. పోయినసారి మైకు కీచుమంది, ముందే చూసుకోవాలి.
మూడు ఊళ్ల సర్పంచులకు, హెడ్మాస్టర్లకు ఉత్తరాలు. వాట్సాప్‌లో కాదు, మనిషి వెళ్లి చేతికివ్వాలి.
ప్రింటర్ ఇంకు.
క్యాంటీన్‌కు చెప్పాలి: టీలో ఈసారి చక్కెర విడిగా.
నా ప్రొబేషన్ ఫారం మీద సారు సంతకం. సిగ్గుపడకుండా అడగాలి. శుక్రవారమే ఆఖరు.
తెల్ల పంచె పెద్దాయన చెప్పిన సంగతి సారుకు చెప్పాలి.

మొదటి ఐదూ మంగళవారం సాయంత్రానికే కొట్టేశాను. చివరి రెండూ ఒకదానికొకటి చిక్కుపడ్డాయి. ఈ కథ ఆ రెండింటిదే.

నా పేరు ప్రత్యూష. దాచేపల్లి దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో, మేనేజరు చైతన్య సారు దగ్గర ఆఫీస్ అసిస్టెంట్‌ని. మాది మాచవరం మండలం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కాబట్టి, ఆఫీసులో ఎలా మసలుకోవాలో చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. మిరప తోటకు ఏ మందు ఎప్పుడు కొట్టాలో నాన్నకు తెలుసు. మేనేజరు గదిలోకి ఎప్పుడు వెళ్లాలి అని ఆయన్ని అడిగితే, "తలుపు తీసుంటే పో, వేసుంటే ఆగు" అన్నాడు. ఆలోచిస్తే అదీ పనికొచ్చే సలహానే.

మిగతాదంతా ఏలియా బాబాయ్ నేర్పింది. ఆయన మా ఆఫీసు అటెండర్. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. ఈ ఆఫీసుకు ఎంతమంది మేనేజర్లు వచ్చి వెళ్లారో ఆయనకు తప్ప ఎవరికీ లెక్క తెలియదు. నేను చేరిన మొదటి రోజు నా టేబుల్ తుడుస్తూ, అడగకుండానే మొదలుపెట్టాడు.

"ఫైలు సారు చేతికియ్యి అమ్మాయ్. టేబుల్ మీద పెట్టి రామాక. టేబుల్ మీద పెట్టిన ఫైలు ప్రార్థన లాంటిది. ఎప్పుడు ఆలకిస్తాడో మనకు తెలీదు."

ఇంకో రోజు ఇలా చెప్పాడు. "సారు 'చూస్తా' అన్నాడనుకో, రెండు రోజుల్లో పనైపోయినట్టే. 'చూద్దాం' అన్నాడనుకో, ఇంక మర్చిపో."

నేను రాసుకున్నాను. అవన్నీ నా నోటుబుక్కు వెనక పేజీల్లో ఉన్నాయి.

ఇక తెల్ల పంచె పెద్దాయన సంగతి.

ఆయన అంతకుముందు శనివారం పొద్దున పదకొండుకు వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. సారు ఊళ్లో లేరని చెప్పి, కుర్చీ వేసి, కూలర్ నుంచి నీళ్లు పట్టిచ్చాను.

"చల్లటియ్యి వద్దు, మామూలు నీళ్లియ్యి. ఎవరమ్మాయివే నువ్వు?"

"వెంకటేశ్వర్లు గారమ్మాయిని తాతయ్యా."

"ఏ వెంకటేశ్వర్లు? పల్నాడు నిండా వెంకటేశ్వర్లే. ఊరు చెప్పు."

ఊరు చెప్పాను. ఇంటిపేరు అడిగాడు, చెప్పాను. ఎన్నెకరాలు, ఎంతమంది తోబుట్టువులు, ఏం చదివావు, పెళ్లెప్పుడు అని వరసగా అడిగాడు. పెళ్లి తప్ప అన్నీ చెప్పాను.

"అయితే గేదెలకు పేర్లు పెట్టి పిలిచేవాడు, మీ తాతేనా?"

"ఆయనే తాతయ్యా!"

"ఓరినీ! ఆయనా నేనూ జోడీగా సంతలు తిరిగినోళ్లమే. ఒకసారి ఇద్దరం ఒకే గేదె మీద మోజు పడ్డాం. వారం రోజులు మాట్లాడుకోలా."

ఆ నవ్వు అయ్యాక అసలు సంగతి చెప్పాడు. "మా ఊళ్లో బడి రోడ్డు మీదే ఉంది. బడి వదిలే టైమూ మీ లారీలొచ్చే టైమూ ఒకటే. మొన్నొక పిల్ల పుస్తకాల సంచి చక్రం కింద పడింది. సంచి గాబట్టి సరిపోయింది. బడెనక డొంక ఉంది. పాత బండ్ల బాటే, వెడల్పుగానే ఉంటది. దానికీ మెయిన్ రోడ్డుకీ మధ్య నా చేను అడ్డం. పన్నెండు అడుగులు నేను వదుల్తా, లారీల్ని అటు పొమ్మను. మీ సారుకు చెప్పు. నేను రెండోసారి రాను."

ఆయన చెప్పిందంతా పొల్లుపోకుండా రాసుకున్నాను. విజిటర్స్ రిజిస్టర్ తెరిచి తేదీ వేశాను, టైము వేశాను, వచ్చిన పని రాశాను. పేరు అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

మా ఇళ్లల్లో పెద్దవాళ్లను ముఖం మీద "మీ పేరేంటి" అని అడగరు. వాళ్లే చెప్పాలి, లేదా పక్కనున్నవాళ్లు చెప్పాలి. పైగా నా పుట్టుపూర్వోత్తరాలన్నీ విని, మా తాత గేదెల దాకా వెళ్లిన మనిషిని "ఇంతకీ మీరెవరు?" అని అడిగానని తెలిస్తే అమ్మ నన్ను గడప తొక్కనివ్వదు. గేటు దగ్గర సెక్యూరిటీ రాసుకునే ఉంటాడులే అనుకున్నాను. ఊరూ అక్కడే ఉంటుందనుకున్నాను. పేరు గడిలో "తెల్ల పంచె పెద్దాయన" అని రాసి, ఆయన్ని గేటు దాకా సాగనంపి వచ్చాను.

గేటు రిజిస్టర్లో ఏముందో బుధవారం చూశాను. "పెద్దమనిషి, 1."

బుధవారం సారు వచ్చీ రాగానే నేను రాసిన కాగితం చేతికిచ్చాను. టేబుల్ మీద పెట్టలేదు. ఆయన నిలబడే చదివారు. చదివి కూర్చున్నారు. మళ్లీ చదివారు.

"ప్రత్యూషా, ఈ దారి కోసం రెండు నెలలుగా తిరుగుతున్నాం, తెలుసా? శుక్రవారం మీటింగ్‌లో ఊరివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఎవరీయన?"

"తెల్ల పంచె కట్టుకుని, తెల్ల చొక్కా..."

"పల్నాడులో తెల్ల పంచె కట్టని పెద్దాయన ఉంటే చెప్పు, వెతకడం తేలిక. ఏ ఊరు?"

మా లారీలు మూడు ఊళ్ల గుండా వెళ్తాయి. మూడు ఊళ్లలోనూ బడి రోడ్డు మీదే. మూడు బళ్ల వెనకా డొంకలే.

"పేరు లేదు, ఊరు లేదు, ఫోన్ నంబర్ లేదు. ఇదేనా రిజిస్టర్ రాయడం?" సారు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. కాగితంతో పాటే ఇచ్చిన నా ప్రొబేషన్ ఫారం ఆయన ముందు ఉంది. ఆరు నెలలు పూర్తయ్యాయి, పర్మనెంట్ చేయొచ్చు అని ఆయన సంతకం పెడితే నేను ఉంటాను. లేకపోతే ఇంటికే. ఆయన పెన్నుకు మూతపెట్టి ఫారాన్ని పక్కకు జరిపారు.

"శుక్రవారం మీటింగ్ అయ్యాక చూద్దాం."

చూద్దాం అన్నారు.

బయటికొచ్చి టీ ఫ్లాస్కుల దగ్గర నిలబడ్డాను. ఏలియా బాబాయ్ నా మొహం చూసి గ్లాసు పక్కన పెట్టాడు.

"ఏందమ్మాయ్, ఎండు మిరపకాయలాగా అయిపోయావ్?"

జరిగింది చెప్పాను. మూడు ఊళ్ల సర్పంచులకూ ఫోన్ చేసి, ఎవరు వచ్చారో కనుక్కుంటానన్నాను.

"చెయ్యమాక. సాయంత్రానికి మూడూళ్లకూ తెలిసిపోద్ది, ఎవరో చేను వదుల్తున్నాడని. ఆ పెద్దాయన ఇంట్లో కొడుకులకు చెప్పాడో లేదో మనకేం తెలుసు? ఊరోళ్ల నోట ఇంటే వాళ్లు ఊరుకుంటారా? పన్నెండు అడుగులు పోయి పన్నెండు పంచాయితీలొస్తాయ్. ఆఫీసులో ఇన్న మాట ఆఫీసు దాటకూడదు."

"మరేం చెయ్యను బాబాయ్? తెలియదు సార్ అని చెప్పెయ్యనా?"

"ఒక్క ముక్కే చెబుతావా? 'తెలీదు సార్, రేపు సాయంత్రానికి తెలుసుకుంటా' అను. మొదటి ముక్క నిజం, రెండో ముక్క ఉద్యోగం. రెండూ కలిపి చెప్పాల."

వెళ్లి కలిపి చెప్పాను. సారు తల పైకెత్తకుండానే "సరే" అన్నారు. కనీసం "చూద్దాం" అనలేదు.

తిరిగొచ్చేసరికి బాబాయ్ నా ఎదుటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఆ కుర్చీలో కూర్చోగా చూడటం అదే మొదటిసారి.

"ఆయన ఏం చెప్పాడో రాసుకున్నావ్, బాగానే ఉంది. నిన్ను ఏమేం అడిగాడో అది చెప్పు."

"ఎందుకు?"

"మనిషి తన సంగతి చెప్పకపోయినా, అడిగేదాన్ని బట్టి దొరికిపోతాడు."

వరసగా చెప్పుకొచ్చాను. ఊరు, ఇంటిపేరు, ఎకరాలు, పెళ్లి. గేదె దగ్గరికి రాగానే బాబాయ్ చెయ్యెత్తాడు.

"ఆగు. మీ అమ్మకు ఫోన్ చెయ్యి."

మా అమ్మ ప్రమీలమ్మ ఫోన్ ఎత్తడమే పెద్ద గొంతుతో ఎత్తుతుంది. స్పీకర్ పెట్టనక్కర్లేదు.

"ఏమే, ఈ టైముకు చేశావేంది? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉన్నానమ్మా. తాతయ్యతో కలిసి గేదెల సంతలకు తిరిగినాయన ఎవరు? ఇద్దరూ ఒకే గేదె మీద మోజుపడి వారం రోజులు మాట్లాడుకోలేదంట."

అమ్మ ఫోన్లోనే పకపకా నవ్వింది. "ఆ గేదె మనింటికే వచ్చింది. దానికి దూడ పుడితే, దూడన్నా నాదేనని ఆయన తోలకపోయాడు. చానా మంచాయన. ఏం, కనపడ్డాడా?"

"ఆయన పేరేంటమ్మా?"

అమ్మ గొంతు సవరించుకుంది.

"అమ్మా?"

"మీ తాత పేరే."

"అంటే?"

"అంటే ఏందే? ఇద్దరిదీ ఒకటే పేరు. అందుకే గదా అంత జోడీ. నేను గేదె మావయ్యా అనేదాన్ని."

"ఆ పేరేదో చెప్పమ్మా, అర్జెంటు."

"మామగారి పేరు నా నోటితో చెప్పిస్తావటే? నిన్ను డిగ్రీ చదివించింది ఇందుకా? నీ తాత పేరు నీకు తెలీకపోతే సిగ్గుపడు."

నిజంగానే సిగ్గుపడ్డాను. తాత పోయేనాటికి నాకు నాలుగేళ్లు. ఇంట్లో అందరికీ ఆయన తాతే, మావయ్యే, నాన్నే. పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఏలియా బాబాయ్ నవ్వు ఆపుకుంటూ, గొంతు తగ్గించి అన్నాడు. "మీ నాన్న ఆధార్ కార్డు ఉందా నీ ఫోన్లో? తండ్రి పేరు చూడు."

ఉంది. చూశాను. జానకిరామయ్య.

"ఊరు ఏదమ్మా?" అన్నాను ఫోన్లో. ఊరి పేరు చెప్పడానికి అమ్మకు ఏ అభ్యంతరమూ లేదు. ఊరు చెప్పి, నాపరాళ్ల ప్రహరీ ఉన్న ఇల్లు అని చెప్పి, వెళ్తే చేతులూపుకుంటూ వెళ్లొద్దని, అరటిపళ్లు తీసుకెళ్లమని చెప్పి పెట్టేసింది.

గురువారం భోజనం టైముకు బయటికెళ్తున్నట్టు రిజిస్టర్లో రాసి, సారుకు చెప్పి, బాబాయ్ మోపెడ్ వెనక ఎక్కాను. ఒళ్లో ఒక డజను అరటిపళ్లు. దారిలో ఎదురైన ప్రతి లారీ మా ఫ్యాక్టరీదే. తెల్ల దుమ్ము మొహాన కొట్టినప్పుడల్లా, ఇంతకాలం ఈ దుమ్మును లోపలి కిటికీలోంచే చూశానని గుర్తొచ్చింది.

ఆ ఇంటి ముందు బాబాయ్ బండి ఆపాడు. "నువ్వు పో. నేనిక్కడే ఉంటా. ఒక్క మాట గుర్తుపెట్టుకో. తప్పు నీదైతే నీదే అను. సారు మీదికీ గేటు మీదికీ తొయ్యమాక."

జానకిరామయ్య గారు వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూశారు గానీ నవ్వలేదు.

"ఐదు రోజులైంది. ఒక్క ఫోన్ లేదు. ఆ జానకిరామయ్య మనవరాలివి గదా అని నమ్మి చెప్పా. మీ సారుకు అక్కర్లేదంటే నాకేంది? చేను నాకు బరువా? నేను వదలను, పో."

సారు ఊళ్లో లేరు అనొచ్చు. గేటు వాళ్లు రాయలేదు అనొచ్చు. రెండూ అబద్ధం కాదు. నాలుక చివరి దాకా వచ్చాయి కూడా.

"తప్పు నాదే తాతయ్యా. మీరు చెప్పిందంతా రాశాను, మీ పేరు రాయలేదు. సారు అడిగితే చెప్పలేకపోయాను."

"పేరు రాయలేదా? ఎందుకని?"

"అడగలేదు. పెద్దవాళ్లను పేరెట్టా అడుగుతాం తాతయ్యా? అమ్మ చంపేస్తది."

"మరి ఇప్పుడెట్టా తెలిసింది? మీ అమ్మ చెప్పిందా?"

"లేదు. మామగారి పేరు నోటితో చెప్పదంట. మా నాన్న ఆధార్ కార్డులో చూసుకున్నాను."

ఆయన నన్నే చూశారు. మీసాల కింద ఏదో కదిలింది. తర్వాత మంచం కోళ్లు ఊగేటట్టు నవ్వారు. నవ్వి, దగ్గి, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు.

"ప్రమీలమ్మ ఇంకా అట్టనే ఉందా! సరే, ఇప్పుడడుగు. నా మొహం చూసి అడుగు."

నోటుబుక్కు తెరిచాను. "మీ పేరేంటి తాతయ్యా?"

"తాతయ్యా తీసెయ్. నేను ఆఫీసుకొచ్చినోణ్ణి. ఆఫీసు అడిగినట్టు అడుగు."

"మీ పేరు చెప్పండి."

"అట్టా! రాసుకో."

ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఫోన్ నంబరు చెప్పారు. "కొడుకులకు చెప్పారా?" అని అడిగాను. ఇవాళ రాత్రికే చెబుతానన్నారు. "ఇంకోటి రాయి. దారి మారినా సరే, బడి వదిలే అరగంట ఒక్క లారీ కదలకూడదు. అది ఒప్పుకుంటేనే పన్నెండు అడుగులు." అదీ రాశాను. రాసింది చదివి వినిపించాను. అది కూడా బాబాయ్ నేర్పిందే.

లేచేటప్పుడు ఆయన గేటు వైపు చూశారు. "ఎండలో నిలబడ్డాడు, ఎవరాయన?"

"ఏలియా గారు. మా ఆఫీసు. మిమ్మల్ని వెతికిపెట్టింది ఆయనే."

"మరి అక్కడ నిలబడ్డాడేంది? రావయ్యా ఏలియా, లోపలికి రా!"

బాబాయ్ ఒకసారి నా వైపు చూసి, చెప్పులు విప్పి వచ్చాడు. జానకిరామయ్య గారు తన మంచం పక్కనే కుర్చీ వేయించారు. ఇద్దరికీ మజ్జిగ వచ్చింది. మేం తెచ్చిన అరటిపళ్లలో ఆరు మాకే తిరిగిచ్చారు. ఆ సాయంత్రమే, రాసుకున్నదంతా సారు చేతికిచ్చాను.

శుక్రవారం మైకు కీచుమంది. ముందురోజు రెండుసార్లు చూసుకున్నా సరే. ఊరివాళ్లు అడిగిన మొదటి ప్రశ్న సారు చెప్పిందే, లారీల దారి. సారు జవాబు చెప్పబోతుంటే మూడో వరసలోంచి జానకిరామయ్య గారు లేచారు. పన్నెండు అడుగులు అన్నారు, బడి అరగంట అన్నారు. పక్కనున్న కొడుకు ఏదో గొణిగితే, "రాత్రి ఒప్పుకున్నావుగా, కూర్చో" అన్నారు. అది మైకు లేకుండానే అందరికీ వినిపించింది. సారు అరగంట షరతు అక్కడే ఒప్పుకున్నారు. హెడ్మాస్టరు గారు లేచి చప్పట్లు మొదలుపెట్టారు.

సాయంత్రం మీటింగ్ మినిట్స్ టైపు చేశాను. వచ్చినవాళ్ల జాబితా ఇరవై ఎనిమిది మంది. ఒక్కొక్కరిని అడిగి రాసుకున్న ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు. ఇరవై తొమ్మిదో వరసలో "ఏలియా, అటెండర్" అని కొట్టాను. సంతకానికి పోయే ముందు ఏ కాగితమైనా ఇంకొకరి కళ్లతో చదివించమని బాబాయ్ మాట. అందుకని ఆయనకే ఇచ్చాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కింది దాకా వేలు పెట్టి చదివాడు. చివరి వరస దగ్గర వేలు ఆగింది.

"అందరికీ ఇంటిపేరుంది, తండ్రి పేరుంది, ఊరుంది. నాకేది అమ్మాయ్?"

ఆరు నెలలు. రోజూ ఆయన పోసిన టీ తాగాను. ఆయన మాటలు పేజీల కొద్దీ రాసుకున్నాను. ఇంటిపేరు ఏమిటని ఒక్కసారి అడగలేదు. తెల్ల పంచె పెద్దాయన్ని అడగనందుకు మర్యాద అని ఒక సాకు ఉంది. ఈయన విషయంలో నాకు ఆ సాకు కూడా లేదు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "మీ పేరు చెప్పండి బాబాయ్. పూర్తిగా."

"బాబాయ్ తీసెయ్," అని నవ్వి, చెప్పాడు. నేను కొట్టాను.

సారు కాగితం చదువుతూ చివర్లో ఆగారు. "అటెండర్ పేరు మినిట్స్‌లో ఎందుకు?"

"ఆయన లేకపోతే జానకిరామయ్య గారు లేరు సార్. ఆయన లేకపోతే ఈ మీటింగ్‌లో మన దగ్గర జవాబు లేదు."

సారు పెన్ను మూత తీశారు. మినిట్స్ మీద సంతకం పెట్టారు. పక్కకు జరిపిన ఫారాన్ని ముందుకు లాక్కుని దాని మీదా పెట్టారు. చూస్తా అనలేదు, చూద్దాం అనలేదు. "రేపటి నుంచి రిజిస్టర్ సరిగ్గా రాయి" అని మాత్రం అన్నారు.

ఇప్పుడు ఆ ఊరి బడి ముందు లారీలు లేవు. నా రిజిస్టర్లో ఖాళీ గడి లేదు. పెద్దవాళ్లు వస్తే నీళ్లిచ్చి, ముందు నా పేరు చెప్పి, ఆ తర్వాత వాళ్లది అడుగుతున్నాను. ఇంతవరకూ ఎవరూ కోప్పడలేదు. అమ్మకు మాత్రం ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

పోయిన నెలాఖరున బాబాయ్ రిటైరయ్యాడు. కొత్తగా ఆఫీసుల్లో చేరుతున్న వాళ్లకు నా నోటుబుక్కు వెనక పేజీలు ఏమైనా పనికొస్తాయేమోనని ఇదంతా రాశాను. అందులో ఒక్క ముక్క పనికొచ్చినా, అది చెప్పిన మనిషిని దయచేసి గుర్తుపెట్టుకోండి. దారా ఏలియా. తండ్రి పేరు ఇస్రాయేలు. ఊరు రాజుపాలెం.